ఓడిపోయే అర్హత

మా సంఘానికి ఒక బ్యానర్ ఉండేది. మానవాతీత శక్తులున్నవాళ్ళు ఎవరైనా సరే వచ్చి, మా ఎదుట నిరూపించి బహుమతి తీసుకుపోవచ్చని దాని మీద ఎర్రటి అక్షరాలు. నల్లగొండ గడియారం సెంటర్‌లో నడినెత్తిన ఎండ పెట్టుకుని దాని ఒక కొస పట్టుకున్నదాన్ని నేనే. ఇప్పటికీ వాళ్ళు ఏటా దాన్ని కడతారు. కాలేజీకి పోతూ బస్సు కిటికీలోంచి చూస్తే తల తిప్పుకుంటాను. ఆ 'ఎవరైనా సరే' అన్న ముక్క కంటబడితే ఒళ్ళు మండుతుంది.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. తెలంగాణ వచ్చిన కొన్నేళ్ళకు మా ఊళ్ళో మూఢనమ్మకాల మీద ఒక సంఘం పెట్టారు. రిటైరైన హెడ్‌మాస్టరు ఒకాయన అధ్యక్షుడు, ఒక వకీలు కార్యదర్శి. ఆడవాళ్ళలో నేనొక్కదాన్నే. ఫోటో దిగేటప్పుడు మాత్రం 'మేడమ్ మధ్యలోకి రండి' అనేవాళ్ళు.

మొదట్లో నిజంగానే ఎవరైనా రావచ్చు. వచ్చారు కూడా. రామన్నపేట వైపు నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేను మీద నడుస్తాడు, కింద నీళ్ళుంటే కాయ నిటారుగా లేచి నిలబడుతుంది. ఆయన చెప్పిన చోట బోరు వేయనివాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మేం భూమిలో నీళ్ళ పైపు దాచిన మడిలో ఆయన్ని నడిపించాం. కాయ లేచింది గాని పైపు ఉన్న చోట కాదు. ఆయనేం సిగ్గుపడలేదు. మాతో కూర్చుని భోంచేసి, పైపుల నీళ్ళు చచ్చిన నీళ్ళని, వాటికి కాయ లేవదని చెప్పి వెళ్ళిపోయాడు. కేతేపల్లి దగ్గరి ఒకామెకు మంగళవారం అమ్మవారు వస్తుంది. మాకు హాలు దొరికేది ఆదివారం. 'అమ్మవారిని ఆదివారం రమ్మని నేనెట్ల చెప్త' అని ఆమె కోప్పడి పోయింది. కార్లలో తిరిగే బాబాలు, టీవీలో పొద్దున్నే ఉంగరాలు అమ్మేవాళ్ళు, మేం ఎవరిని దృష్టిలో పెట్టుకుని ఆ బ్యానర్ రాయించామో వాళ్ళు మాత్రం ఒక్కరూ రాలేదు.

దాంతో మావాళ్ళకు విసుగొచ్చింది. కొబ్బరికాయలవాళ్ళను ఓడించి ఏం సాధిస్తాం అన్నారు. కూర్చుని అర్హతలు రాశారు. శక్తి నాకున్నదని ఆ మనిషే రాతపూర్వకంగా చెప్పుకోవాలి. పేపర్లోనో టీవీలోనో వచ్చి పదిమందికి తెలిసినవాడై ఉండాలి. డిగ్రీ చదివినవాళ్ళెవరైనా అతని కోసం సంతకం పెట్టాలి. పేపర్లో పడాలన్న నియమం మీద నేను గొడవ పెట్టుకున్నాను. పేదవాళ్ళను గేటు దగ్గరే ఆపడానికి తప్ప అది దేనికీ పనికిరాదన్నాను. చేతులెత్తమన్నారు. నాది ఒక్క చెయ్యే లేచింది. మొదటి నియమం మీద మాత్రం ఎవరం నోరు మెదపలేదు. శక్తి ఉన్నదని చెప్పుకోని మనిషి పరీక్షకెందుకు వస్తుంది, అంత మాత్రం తెలియదా అనుకున్నాం.

మా మేనత్త వచ్చింది.

మా అత్తది కోస్గి వైపు ఒక పల్లె. మామ పోయి చాలా ఏళ్ళయింది, పిల్లల్లేరు. మేకల మంద, రెండర్రల ఇల్లు, వానొస్తే పండే చెలక కొంచెం. అరవై దగ్గరపడుతున్నా ఆమె నోట్లో పండ్లు చూస్తే మాకు కుళ్ళు. పగ్గం ముడి బిగుసుకుంటే చేతులతో విప్పేది కాదు, ఒక్క పట్టు పండ్లతో పట్టి లాగేది. ఎండిన మక్కజొన్న ఎన్ను అట్లాగే గీరుకుని తినేది. నేను చిన్నప్పుడు సెలవులకు వెళ్తే చెరుకుగడ చెక్కు పండ్లతో ఒలిచి ఇచ్చింది ఆమే.

ఊళ్ళో ఆమెకు ఇంకో పని ఉండేది. దిష్టి తీసేది. పిల్లలు పాలు తాగకపోయినా, కొత్త కోడలికి తల తిరిగినా, పాడి బర్రె తన్నినా అత్త ఇంటికే వచ్చేవాళ్ళు. గుప్పెట్లో ఎండు మిరపకాయలు, ఉప్పు పట్టుకుని, మనిషి చుట్టూ తిప్పుతూ, ఎవరెవరి కండ్లు తగిలి ఉంటాయో వాళ్ళందరినీ నోటితో చదివి పొయ్యిలో వేసేది. ఘాటొచ్చి దగ్గితే దిష్టి లేనట్టు. ఘాటు రాకపోతే గట్టిగా తగిలినట్టు. నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా తిప్పింది. 'అత్తా, నేను ఫిజిక్స్ చెప్తా' అంటే, 'చెప్పు బిడ్డా, మంచిదే. జర తూర్పు దిక్కు తిరిగి కూసో' అంది.

అలాంటి మనిషి మీద బాణామతి నింద పడింది. బాణామతి అంటే మా వైపు చేతబడికి ఉన్న పేరు.

జరిగింది ఇంతే. మా మామ తమ్ముడి కొడుకు దూరపు సంత నుంచి లారీలో గొర్రెలు తెచ్చాడు. దింపుతుంటే పక్కింట్లో ఉన్న అత్త గోడ మీదుగా చూసి, 'ఎంత నున్నగ ఉన్నయ్‌రా' అంది. వారం తిరగకుండా గొర్రెలకు ముక్కులు కారడం, పారుకోవడం మొదలైంది. ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. పశువుల డాక్టరు వచ్చి పారుడు రోగమన్నాడు, తెచ్చినవాటిని కొన్నాళ్ళు విడిగా కట్టేసి టీకా వేయించాల్సిందన్నాడు. అతను డాక్టరు మాటలన్నీ విన్నాడు. తలాడించాడు. కాని గోడ మీదుగా వచ్చిన ఆ ఒక్క మాటే అతని మనసులో పాతుకుంది. తర్వాత అతని భార్య బావి దగ్గర కళ్ళు తిరిగి పడింది. ఇక ఊరి అనుమానమంతా అత్త మీదే పడింది. దిష్టి తీయడం వచ్చిన చేతికి పెట్టడం రాదా అన్నారు. నిన్నటిదాకా పిల్లల్ని తెచ్చి ఆమె ఒళ్ళో పడుకోబెట్టిన తల్లులు, ఆమె ఎదురైతే కొంగుతో పిల్లల మొహాలు కప్పడం మొదలుపెట్టారు. దుకాణంలో ఉప్పు అడిగితే లేదన్నారట. దుకాణంలో ఉప్పు లేకపోవడమేమిటి?

పెద్దమనుషులు కూర్చున్నారు. పీర్ల పండుగ దాకా గడువిచ్చారు. ఆలోపు నీలో ఏమీ లేదని తేల్చుకో, లేకపోతే ఇల్లు విడిచి పో అన్నారు. వాళ్ళలో ఒక ముసలాయన దయగా చెప్పాడట. "ఎనకట అయితే ముందటి పండ్లు ఊడగొట్టేటోళ్ళు. పండ్లు లేకుంటే మంత్రం తిన్నగ పలకది, పలకని మంత్రం పారది. ఇప్పుడు కేసులైతయ్ గాబట్టి మేమైతే నిన్ను ముట్టం."

నేను పోలీస్ స్టేషన్‌కు పోయాను. ఎవరైనా కొట్టారా అని అడిగారు. లేదన్నాను. ఎవరైనా రాతపూర్వకంగా వెళ్ళగొట్టారా అన్నారు. లేదన్నాను. పెద్దమనుషులతో ఫోన్లో మాట్లాడి, 'చెప్పినం మేడమ్, ఫికర్ చెయ్యకుండ్రి' అని పంపించారు. మా ఇంటికి వచ్చి ఉండమన్నాను. "మేకలనేం జెయ్యాలె? నేను పోతే తప్పు చేసిందాన్ని గాబట్టే పారిపోయిన్నంటరు" అంది అత్త. ఆమె ఆలోచన వేరే ఉంది. మా బహుమతి సంగతి ఎప్పుడో నేనే గొప్పగా చెప్పి ఉన్నాను. అది ఆమె మరిచిపోలేదు.

ఆదివారం నాడు పొద్దున్నే బస్సెక్కి, పాలమూరులో ఇంకో బస్సు మారి నల్లగొండ వచ్చింది. ఇస్త్రీ చీర కట్టుకుంది. మా సమావేశానికి తీసుకుపోయాను. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నాకు గా పైసలొద్దు సారూ," అంది అధ్యక్షుడితో. "మీ పరీక్ష ఏదుంటే గది నాకు పెట్టుండ్రి. నేను ఓడిపోత. ఓడిపోయిందని కాయితం రాసి ముద్ర గుద్ది ఇయ్యుండ్రి. ఊళ్ళె సూపిచ్చుకుంట."

అధ్యక్షుడు మంచివాడే. మెల్లగా అడిగాడు. "అమ్మా, నీకు శక్తి ఉన్నదా?"

"లేదు సారూ."

"లేనప్పుడు మేం దేన్ని పరీక్ష చేయాలమ్మా?"

"లేదన్నదాన్నే చెయ్యుండ్రి."

ఆయన నా వైపు తిరిగాడు. "మేడమ్, ఈమె ఇక్కడ ఏమీ చేయలేకపోతే ఏం తేలుతుంది? ఇక్కడ చేయలేదు, ఊళ్ళో చేస్తది అంటారు. లేదని నిరూపించడం కుదరదు. మీరు ఫిజిక్స్ చెప్తారు, మీకు నేను చెప్పాలా?"

ఆయన అన్నది తప్పని నేను అనలేకపోయాను. నా మొహాన తలుపేసింది నేను రోజూ క్లాసులో చెప్పే మాటే.

వకీలు ఇంకో దారి చూపించాడు. "శక్తి ఉన్నదని అంటున్నది ఊరు. అప్పుడు దరఖాస్తు చేయాల్సింది ఊరు. సర్పంచి సంతకం పెట్టి పంపితే మనం తీసుకోవచ్చు."

"మా ఊర్ల బాణామతి ఉన్నదని సర్పంచి సంతకం పెట్టి పంపుతడా సార్?" అన్నాను.

"పోనీ ఆమెనే రాయమనండి, నాకు శక్తి ఉన్నదని. రాస్తే ఇప్పుడే పరీక్ష పెడదాం."

అత్త మొహం విప్పారింది. "ఏలిముద్ర యాడ పెట్టాలె సారూ?" అని చెయ్యి ముందుకు చాపింది. నేను ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆ కాగితం ఫోటో అత్త ఎక్కిన బస్సు కంటే ముందు ఊరు చేరుతుంది. నాకు బాణామతి వచ్చు అని వేలిముద్ర వేసిన ఆడదాన్ని ఏ పరీక్షలో ఓడిపోయిన కాగితం కాపాడుతుంది?

ఎవరో వెనక నుంచి అన్నారు. "దిష్టి తీస్తదంట గదా, దాని మీద పెట్టుకొమ్మనుండ్రి."

"దిష్టి తీసుడు శక్తేంది సారూ?" అంది అత్త. "గది మిరపకాయలు చేసే పని. నేను ఊకె తిప్పుత."

అందరూ నవ్వారు. ఆమె ఎందుకు నవ్వారో తెలియక తనూ కొంచెం నవ్వింది. 

ఆఖరికి వకీలు నియమాల కాగితం తీసి, అదీగాక పేపర్లో పడ్డ మనిషి కూడా కాదు గదా అన్నాడు. నేనిక ఆగలేకపోయాను. "ఊరు ఈమెను కొట్టి చంపితే పడుతది సార్. అప్పుడు అర్హత వస్తదా?" అన్నాను.  ఒకాయన ఫ్యాన్ స్పీడు పెంచాడు.

పరీక్షకు బదులు ఊళ్ళో ఒక కార్యక్రమం పెడతామన్నారు. పెట్టారు. జీపులో వచ్చి, స్కూలు ముందర మైకు కట్టి, నాలుక మీద కర్పూరం వెలిగించారు. బుగ్గలో శూలం గుచ్చుకున్నారు. ఉత్త చేతిలోంచి విబూది తీశారు, నిమ్మకాయ కోసి రక్తం కార్పించారు. ప్రతిదీ ఎట్లా చేస్తారో విప్పి చూపించారు. ఊరంతా వచ్చింది. పిల్లలు ముందుకు జరిగి జరిగి మైకు వైరు తెంపినంత పనిచేశారు. అధ్యక్షుడు చెమట తుడుచుకుంటూ, చూశారుగా, లోకంలో చేతబడులు లేవు, ఇవన్నీ కనికట్టు అని ముగించాడు. చప్పట్లు కొట్టారు. నాకు కూడా ఆశ పుట్టింది.

జీపు కదలకముందే ఆశ పోయింది. గొర్రెలు చచ్చిన ఆ మరిది కొడుకు పదిమంది మధ్యలో నిలబడి చెప్తున్నాడు. అరవలేదు, కోపంగా కూడా లేడు, లెక్క చెప్పినట్టు చెప్తున్నాడు.

"గీ సార్లు చేసేటియి కనికట్టు. గది వాళ్ళే ఒప్పుకున్నరు. మరి గీమెకు పరీక్ష పెట్టమని నల్లగొండ దాక పోతే ఎందుకు పెట్టలే? ఊరూరు తిరిగి రమ్మని పిలిచేటోళ్ళు, ఇంటికి వచ్చిందాన్ని ఎందుకు తోలిన్రు? గెలుస్తదని. బహుమతి ఇయ్యాల్సొస్తదని."

జనం తలలాడించారు. నేను ముందుకు పోయి, అట్లా కాదు, శక్తి ఉన్నదని ఆమె చెప్పుకోలేదు గాబట్టి నియమాల ప్రకారం అని మొదలుపెట్టాను. నా గొంతు నాకే చేతగానిదిగా వినిపించింది. "ఉన్నోళ్ళు చెప్పుకుంటరా మేడమ్?" అన్నాడతను.  ఇంటి గడపలో నిలబడి అత్త అంతా వింది. అప్పటిదాకా ఆమె మీద అనుమానమే. ఆ పొద్దు నుంచి రుజువు కూడా దొరికింది, ఇచ్చింది మేమే.

జీపెక్కమని అధ్యక్షుడు పిలిస్తే ఎక్కలేదు. బస్సులో వచ్చాను. దారిలో ఏడ్చాను, తిట్టుకున్నాను. కలెక్టర్ ఆఫీసుకు పోవాలనుకున్నాను, పోయాను కూడా. ఒక అర్జీ ఇచ్చి వచ్చాను. విచారిస్తామన్నారు. ఈలోపు పీర్లను నిలబెట్టారు.

పండుగ ముందర అత్త ఫోన్ చేసింది. మాట తేడాగా ఉంది. నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు, గాలి పోతున్నట్టు. ఏమైందత్తా అంటే, "ఏం లేదు బిడ్డా, సాఫ్ అయింది. ఇగ ఎవ్వలు ఏమనరు" అంది. మర్నాడే పోయాను. నా కోసం గడప దగ్గరే నిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తీసింది. ముందటి పండ్లు పైన లేవు, కింద లేవు. చిగుళ్ళు ఎర్రగా పచ్చిపుండులా ఉన్నాయి.

ఎవరు చేశారని అరిచాను. ఎవరూ చేయలేదు. తనే పోయింది. ముందు సర్కారు దవాఖానకు పోయి పండ్లు పీకమని అడిగిందట. ఆ డాక్టరు చూసి, గట్టి పండ్లు, పీకనని పంపించాడట. తర్వాత ఎవరి దగ్గరికి పోయిందో ఎంత అడిగినా చెప్పలేదు. పీకిన పండ్లు చిన్న గుడ్డలో కట్టి తెచ్చి, పెద్దమనుషుల ముందు గద్దె మీద పోసిందట. వాళ్ళు చూశారు. నోరు తెరవమన్నారు, తెరిచింది. సరే అన్నారు. ఆ సాయంత్రమే దుకాణంలో ఉప్పు దొరికింది.

"ఎందుకు చేసినవత్తా," అన్నాను.

"మీ సార్లు నన్ను పనికిరావన్నరు. వీళ్ళకు పనికొచ్చిన" అంది. ఎత్తిపొడుపు లేదు ఆ మాటలో. నన్ను ఓదార్చడానికే అంది. అదే నేను మోయలేకపోయాను.

సంఘం వార్షికోత్సవానికి చివరిసారి పోయాను. అధ్యక్షుడు మైకు ముందు, అర్హతలు రాసినప్పటి నుంచి ఇన్నేళ్ళుగా బహుమతి ప్రకటిస్తున్నా పరీక్షకు నిలబడే ధైర్యం ఉన్నవాళ్ళు ఒక్కరూ రాలేదని చెప్పాడు. చప్పట్లు మోగాయి. నేను లేచి నిలబడి, వచ్చింది సార్, ఇదే హాల్లో నిలబడ్డది, కుర్చీ వేసినా కూర్చోలేదు అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, అది వేరే విషయం మేడమ్ అన్నాడు. నా సంచీ తీసుకుని బయటికి వచ్చాను. మళ్ళీ పోలేదు.

అత్త ఊళ్ళోనే ఉంది. మరిది కొడుకు భార్య ఇప్పుడు చేటకు, జల్లెడకు వస్తుంది. పిల్లల మొహాలు ఎవరూ కప్పరు. కాని పిల్లల్ని ఎవరూ తీసుకురారు కూడా. పండ్లు పోయినయ్, ఇంక ఆమె తిప్పినా దిష్టి పోదు అంటారు. పెట్టే శక్తి పోయిందని నమ్మినవాళ్ళు తీసే శక్తి కూడా పోయిందని నమ్మారు. అందులో వాళ్ళ తర్కం మా సంఘం తర్కంలాగే గట్టిగా ఉంది.

మొన్న పోయినప్పుడు నాకు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తన రొట్టె తుంపి, ముక్కలు పులుసులో నానేదాకా గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నా మొహం చూసి, చిక్కిపోయినవ్ బిడ్డా, ఎవలియో కండ్లు తగిలినయ్ అని లేచింది. మిరపకాయలు, ఉప్పు గుప్పెట పట్టింది. తూర్పు దిక్కు తిరిగి కూసో అంది. కూర్చున్నాను. తిప్పడం మొదలుపెట్టింది. ఇరుగువాళ్ళ కండ్లు, పొరుగువాళ్ళ కండ్లు అని ఎప్పటిలా గడగడా చదవబోయింది. గాలే వచ్చింది. మళ్ళీ అనబోయింది. చెయ్యి ఆగిపోయింది.

"పలుకుతలేదు బిడ్డా," అంది.

ముసలాయన చెప్పినట్టే అయింది. పండ్లు లేకపోతే పలకదు. అంతవరకు నిజమే.

నేను లేచి ఆమెను నా చోట కూర్చోబెట్టాను. ఆమె గుప్పెట విప్పి మిరపకాయలు నేను తీసుకున్నాను. నమ్మకం వచ్చి కాదు. కోపం వచ్చి. చిన్నప్పటి నుంచి విన్న మాటలే, ఒక్కటీ మరిచిపోలేదు. ఆమె చుట్టూ తిప్పుతూ గట్టిగా, పక్కింటికి వినబడేట్టుగా చదివాను. ఇరుగువాళ్ళ కండ్లు, పొరుగువాళ్ళ కండ్లు, పెద్దమనుషుల కండ్లు, ఊరి కండ్లు. ఆఖరున, మా సంఘం కండ్లు అని కలిపాను. అత్త తలెత్తి నన్ను చూసింది.

పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుందేమో. వచ్చింది. మామూలు మిరపకాయలు, మామూలు నిప్పు. కళ్ళల్లో నీళ్ళు కారేదాకా ఇద్దరం దగ్గాం. అత్త కొంగుతో నోరు మూసుకుని దగ్గింది.